వాక్యానికి ముందూ వెనకా

లేఖనానికీ నేటి జీవితానికీ ఉన్న సంబంధం ఈ సదస్సు చర్చించబోయే విషయం. ఆ సంబంధాన్ని మనం కొత్తగా కల్పించనక్కర్లేదని, అది బైబిల్లో ముందే ఉందని నా నమ్మకం. ఒక్కొక్క వచనాన్ని దాని అధ్యాయంలోంచి తుంచి, ఒక్కొక్క మనిషికి విడిగా పంచుకుంటూ వచ్చాం గనుక అది మన కంటికి ఆనకుండా పోయింది. అధ్యాయం మొత్తం చదివితే భూమి, నీరు, కూలి, అప్పు, తాకట్టు ఎదురవుతాయి. చింతలపూడి మెట్టలోనో, తాడేపల్లిగూడెం వరిచేలలోనో, కొల్లేటి లంకల్లోనో బతికే మనిషికి వీటికంటే నేటివైన విషయాలు ఏమున్నాయి?

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మన సంఘాల్లో వాగ్దానపు కార్డులు పంచుతారు. ఆ కార్డుల మీద తరచుగా కనబడేది యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం. దేవుడు తన ప్రజలకు తలపెట్టింది మేలే గాని కీడు కాదని చెప్పే వచనం అది. గోడ క్యాలెండర్ల మీదా, ఆటోల వెనకా చూస్తూనే ఉంటాం. అయితే అది ఒక ఉత్తరంలోని మాట. యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టుకుపోయిన జనానికి యిర్మీయా ఆ ఉత్తరం రాశాడు. దానికి ముందరి అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త లేచి, రెండేళ్లలో అందరూ ఇంటికి తిరిగివస్తారని దేవాలయంలో ప్రకటించాడు. జనానికి కావలసిన మాటే అది. యిర్మీయా దాన్ని కాదన్నాడు. డెబ్బై ఏళ్లు పడుతుందన్నాడు. ఆ లెక్క పదో వచనంలో ఉంది, మేలు సంగతి ఆ తర్వాతి వచనంలో ఉంది. ఉత్తరం విన్న పెద్దల్లో చాలామంది ఆ మేలును కళ్లజూడకుండానే పోతారు. మరి వాళ్లు ఈలోగా ఏం చేయాలి? ఇళ్లు కట్టుకుని, తోటలు వేసుకుని, పిల్లలకు పెళ్లిళ్లు చేసుకుంటూ తమను చెరపట్టిన ఊరి మేలునే దేవుణ్ణి అడగాలి. ఆ ఊరు బాగుంటేనే తామూ బాగుంటారు. ఇది ఏడో వచనపు సారం. అది కార్డుల మీద దాదాపు కనబడదు. హనన్యా చెప్పిన రెండేళ్ల వాగ్దానాన్ని మనం యిర్మీయా పేరు మీద పంచుతున్నామని నాకు బాధ.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. కువైట్‌కు ఇంటిపనికి వెళ్లిన తల్లి తన పెట్టెలో దాచుకున్నది ఆ ఒక్క కార్డే కావచ్చు. ఆస్పత్రి మంచం మీదున్న మనిషికి డెబ్బై ఏళ్ల లెక్క చెప్పడం కనికరం అనిపించుకోదు. నిజమే. ఆ కార్డును ఆమె చేతిలోంచి తీసుకోమని నేను అనను. కీర్తనల గ్రంథం నిండా ఒంటరి మనిషి మొర ఉంది. దేవుడు ఆ మొరను విన్నాడనే సాక్ష్యమూ ఉంది. నా తగవు కార్డు దాచుకున్న ఆమెతో కాదు, కార్డు ఇచ్చి అంతటితో ఊరుకున్న మన బోధతో. ఆమె పాస్‌పోర్టును ఎవరు పట్టి ఉంచారు, ఆమె జీతం ఎన్ని నెలలు ఆగింది, ఏజెంటుకు కట్టిన డబ్బు ఏ వడ్డీకి తెచ్చింది అనే ప్రశ్నలు కూడా లేఖనంలోనివే. కూలివాడి కూలి పొద్దు గూకక ముందే ఇచ్చేయాలని ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం ఆజ్ఞాపిస్తుంది. బిగబట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు పత్రిక అంటుంది. ఆమెకు ఓదార్పు ఇచ్చిన గ్రంథమే ఆమె యజమానికి ఈ హెచ్చరిక కూడా ఇస్తోంది.

నెహెమ్యా గ్రంథం సంగతి చూడండి. మన ప్రసంగాల్లో బాగా నలిగిన పుస్తకం. కొత్త మందిరానికి శంకుస్థాపన జరిగినా, ప్రహరీ కోసం చందా ఎత్తినా నెహెమ్యానే గుర్తొస్తాడు. యెరూషలేము గోడను 52 రోజుల్లో పూర్తిచేయించినవాడు కదా. నాలుగో అధ్యాయంలో గోడ పని సాగుతుంది, ఆరో అధ్యాయంలో ముగుస్తుంది. మధ్యలో ఐదోది ఉంది, దాన్ని దాటేస్తాం. అందులో జనమూ వాళ్ల భార్యలూ గట్టిగా మొరపెడతారు. ఆ మొర బయటి శత్రువుల మీద కాదు, తోటి యూదుల మీదే. కొందరికి ఇంటినిండా పిల్లలు, తినడానికి గింజ లేదు. కొందరు కరువులో ధాన్యం కోసం పొలాలూ ద్రాక్షతోటలూ ఇళ్లూ కుదువపెట్టారు. కొందరు రాజుగారి శిస్తు కట్టడానికి అప్పు తెచ్చారు. కూతుళ్లను దాస్యానికి పంపిన ఇళ్లున్నాయి. నెహెమ్యాకు కోపం వచ్చింది. వెంటనే మాట్లాడలేదు, తనలో తాను ఆలోచించుకున్నాడు. ఆ తర్వాతే పెద్దలనూ అధికారులనూ నిలదీశాడు, వాళ్ల మీద మహాసభ పెట్టాడు. తానూ తన మనుషులూ కూడా అప్పులిచ్చినవాళ్లమేనని ఆ సభలోనే చెప్పాడు. పొలాలు, తోటలు, ఇళ్లు ఆ రోజే తిరిగి ఇచ్చేయమన్నాడు. నూటికి ఒకటి చొప్పున పుచ్చుకున్నది కూడా. సరేనన్నవాళ్ల చేత యాజకుల ముందు ప్రమాణం చేయించాడు. పన్నెండేళ్లు అధికారిగా ఉండి అధికారికి రావలసిన భత్యం ముట్టలేదు.

ఆ నూటికి ఒకటి నెలకు లెక్క అని వ్యాఖ్యాతలు చాలామంది అంటారు. అంటే మన ఊళ్లలో రూపాయి వడ్డీ. రెండు రూపాయలకీ మూడు రూపాయలకీ అప్పు తెచ్చి ఎరువుల కొట్టుకు కట్టే కౌలు రైతుకు అది చవక వడ్డీయే! నెహెమ్యా దాన్ని కూడా సహించలేదు. మన డెల్టాలో కౌలు చాలావరకు నోటి మాట మీద నడుస్తుంది. ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే ఒప్పుకోవాలి. పంట పండినా ఎండినా ఆ బస్తాలు కొలవాలి. 2019లో తెచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కౌలు రైతుకు కార్డు ఇస్తానంది, అయితే దానికి భూయజమాని సమ్మతి కావాలంది. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనని యజమాని భయం. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు పుట్టదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను కోతకొచ్చిన వరిని ముంచినప్పుడు, కాగితం లేని కౌలుదారు నష్టపరిహారం జాబితాలో తన పేరు కోసం వెతుక్కోవలసి వచ్చింది. ఆదివారం ఒకే మందిరంలో ఆ యజమానీ ఆ కౌలుదారూ పక్కపక్కనే కూర్చునే ఊళ్లు మన జిల్లాల్లో ఉన్నాయి. నెహెమ్యా ఐదో అధ్యాయం సరిగ్గా ఆ మందిరం కోసమే రాసినట్టుంటుంది. అలాంటి చోట ప్రహరీ చందా ప్రసంగానికి ముందు ఈ అధ్యాయం చదవాలి.

ఇక నీటి సంగతి. చింతలపూడి మండలం నాగిరెడ్డిగూడెం దగ్గర జలాశయంలో ఆగిన తమ్మిలేరు, అక్కడి నుంచి ఏలూరు మీదుగా దిగి కొల్లేటిలో కలుస్తుంది. మెట్టలో ఉన్న మనమూ లంకల్లో ఉన్నవాళ్లూ ఒకే ఏటికి పైనా కిందా ఉన్నాం. యెహెజ్కేలు 34వ అధ్యాయం మొదటి సగం చెడ్డ కాపరుల మీద. దాన్ని నాయకుల మీద గురిపెట్టి అందరూ ప్రసంగిస్తారు. రెండో సగంలో దేవుడు గొర్రెల వైపు తిరుగుతాడు. మంచి మేత మేసి మిగిలినదాన్ని తొక్కేసినవి, తేటనీరు తాగి మిగిలినదాన్ని కాళ్లతో కలిపి బురద చేసినవి, బలహీనమైన వాటిని భుజంతో నెట్టేసినవి అక్కడ తీర్పుకు నిలబడతాయి. మురుగు, పురుగుమందు, చేపల చెరువుల నీరు చేరే కొల్లేటి ఒడ్డున ఈ మాటలు చదివితే ఉలిక్కిపడతాం. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛలతో కుప్పకూలారు. వాళ్ల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. కారణం మీద నిపుణులు తర్జనభర్జన పడ్డారు. మన సంఘాలు స్వస్థత కోసం ప్రార్థించాయి, మంచిదే. తాగే నీటిలోకి, తినే తిండిలోకి ఏం చేరుతోందని అడగడం కూడా ప్రార్థనలో భాగమేనని యెహెజ్కేలు చదివినవాడు అంటాడు.

లేఖనాన్ని ఇలా చదవడానికి పెద్దలు రెండు అభ్యంతరాలు చెబుతారు. యేసు తన రాజ్యం ఈ లోకసంబంధమైనది కాదన్నాడు, మీరు దాన్ని కాలవల్లోకీ కౌలు కాగితాల్లోకీ దించుతున్నారని మొదటిది. ఆ మాట పిలాతు ముందు అన్నది. తన మనుషులు కత్తి పట్టి పోరాడరని అక్కడే చెప్పాడు. ఆ రాజ్యం వచ్చే తీరు వేరని దాని భావం, పొలంలో దానికి పని లేదని కాదు. సుంకరి జక్కయ్య ఇంటికి రక్షణ వచ్చిన రోజున అతను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. యేసు దాన్ని లోకవ్యవహారమని పక్కన పెట్టలేదు.

రెండో అభ్యంతరం బరువైనది. ఆ ధర్మశాస్త్రం మూడు వేల ఏళ్ల నాటి రైతుల కోసం పుట్టింది. అందులో దాస్యాన్ని సహించిన మాటలున్నాయి, పరదేశి దగ్గర వడ్డీ తీసుకోవచ్చన్న మాట ఉంది. దానితో ఇప్పటి చిక్కులు ఎలా తేలతాయి? కొల్లేరునే తీసుకోండి. 1999లో ఐదో కాంటూరు (ఎత్తును చూపే గీత) వరకు అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ చిత్తడినేలల రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో అక్రమ చెరువుల గట్లు తెగ్గొట్టారు. పెద్ద లీజుదారుతో పాటు, చేపల చెరువు సంఘంలో చిన్న వాటా ఉన్న పేద వడ్డి కులపు కుటుంబమూ ఆ రోజు నష్టపోయింది. కాంటూరు ఎక్కడ గీయాలో యెహెజ్కేలు చెప్పడు. లేఖనాన్ని చట్టపుస్తకంలా తెరిచి తీర్పు చదవబోతే అది మోసమే అవుతుంది. అయితే ముందు ఎవరి మొర వినాలో, పేదవాడి పేరు మీద ఉన్న చెరువును నిజంగా ఏలుతున్నదెవరని అడగాలో, ఆ క్రమాన్ని లేఖనం తేటగా చెబుతుంది. రాజు కన్ను పడిన నాబోతు ద్రాక్షతోట కథలో కూడా కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి: ముద్ర ఉంది, సభ ఉంది, ఇద్దరు సాక్షులున్నారు. ప్రవక్త ఏలీయా మాత్రం ఆ కాగితాల వెనక ఉన్న హత్యను చూశాడు.

ఈ చదువు పరాయి దేశాల నుంచి నిన్నమొన్న దిగుమతైన సిద్ధాంతమని ఇంకొందరంటారు. మన చరిత్ర ఆ మాటను ఒప్పుకోదు. 1859లో రాఘవాపురం పగోలు వెంకయ్య బాప్తిస్మం తీసుకున్నాక, కృష్ణా గోదావరి ప్రాంతపు మాలపల్లెల్లోకి సువార్తతో పాటు అక్షరం నడిచింది. చదవకూడదన్న మనిషి చేతికి పుస్తకం వచ్చింది. ఆ తర్వాత తెలుగు జిల్లాల పాలేర్లు ఆదివారం పనికి రామన్నప్పుడు ఆసాములు కొట్టారు, పనిలోంచి తీసేశారు. పదాజ్ఞలను ద్వితీయోపదేశకాండం చెప్పే తీరులో విశ్రాంతిదినం దాసుడికీ దాసికీ ఎద్దుకూ కూడా వర్తిస్తుంది. ఐగుప్తులో వెట్టి చేసిన జ్ఞాపకమే దానికి కారణం. ఆ పాలేర్లు వ్యాఖ్యానాలేవీ చదవకుండానే ఆ ఆజ్ఞ లోతు పట్టుకున్నారు. మన తాతల చదువు అది. దాన్ని మరిచిపోయింది మనం. విడివిడి సమాధి స్థలాలనూ, కులం చూసి కుదుర్చుకునే క్రైస్తవ పెళ్లిళ్లనూ కూడా ఆ మరుపులోనే భరిస్తున్నాం.

ఇక్కడ రచయితలున్నారు గనుక ఒక మాట. పురుషోత్తమ చౌదరి నాటి నుంచి మనకు కీర్తనల సంపద ఉంది. జాషువా ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది, అంటే తెలుగు సాహిత్యం మనకు తలుపు మూయలేదు. సాక్ష్యాల పుస్తకాలు, అనువాద వ్యాఖ్యానాలు విరివిగా వస్తున్నాయి. వాటి మధ్య నేను వెతికేది కౌలు లెక్క తెలిసినవాడు రాసిన నెహెమ్యా వ్యాఖ్యానం. వల నేయడం తెలిసిన లంక మనిషి గలిలయ సముద్రం గురించి రాసిన పుస్తకం. బోరులో నీరు అడుగంటడం చూసిన చింతలపూడి ఆడపడుచు సమరయ స్త్రీ బావి దగ్గర నిలబడి రాసిన వ్యాసం. ఈ పూట పత్రాలు చదవబోయేవారు మీ వచనానికి ముందు ఏముందో, వెనక ఏముందో కూడా సభకు చదివి వినిపించండి. అందుకు పట్టే సమయం అధ్యక్షుడిగా నేనిస్తాను.