ఒక ఆట, రెండు అట్టముక్కలు



ఒక చిన్న అట్టముక్కను గురించి నేడు మీతో ముచ్చటింపదలచినాను. దాని వెడల్పు రెండున్నర అంగుళములు, పొడవు మూడున్నర అంగుళములు. ఒకవైపు బేస్‌బాల్ ఆటగాని బొమ్మ, రెండవవైపు అతనిని గురించిన వివరములు. అమెరికాలో ఇట్టి కార్డులు తొలుత సిగరెట్టు పెట్టెలలో వచ్చెడివి; తరువాత చూయింగ్ గమ్‌తో కలిపి పిల్లలకు అమ్మినారు. ఇపుడు వానిని కొనువారిలో పెద్దవారే ఎక్కువ. పిల్లల ఆటవస్తువు పెద్దల చేతికి ఎట్లు వచ్చినది? ఈ ప్రశ్నకు సమాధానము నాకు పిట్స్‌బర్గు నగరమున లభించినది.

ఉద్యోగరీత్యా నేను ఆ నగరమున కొన్ని సంవత్సరములు ఉన్నాను. తిరుపతి వేంకటేశ్వరస్వామికి 1976లో అక్కడ ఆలయము వెలసినందున, ఆ ఊరి పేరు మనలో పెక్కుమందికి పరిచితమే. ఆ ఊరివారికి మాత్రము మరపురాని తేదీ మరియొకటి కలదు: 1960 అక్టోబరు 13.

ఆనాడు ఫోర్బ్స్ ఫీల్డు అను మైదానమున ప్రపంచ సిరీస్‌లో ఏడవదియు, చివరిదియు అయిన ఆట జరిగినది. ఒకవైపు స్థానిక జట్టు పైరేట్స్, మరొకవైపు న్యూయార్కు యాంకీస్. యాంకీస్ తాము గెలిచిన మూడు ఆటలను 16-3, 10-0, 12-0 పరుగులతో గెలిచినారు. పైరేట్స్ గెలిచిన మూడును స్వల్పమైన తేడాతో గెలిచినవే. ఏడవ ఆటలోను ఎనిమిదవ ఇన్నింగ్సునకు యాంకీస్ 7-4తో ముందున్నారు. అంతట నేలబారుగా వచ్చిన ఒక బంతి అనుకోని విధముగా ఎగిరి, యాంకీస్ ఆటగాడు టోనీ క్యూబెక్ కంఠమునకు తగిలినది. ఇద్దరు ఔట్ కావలసిన చోట ఒక్కరును కాలేదు. ఆట తిరిగినది. కొంతసేపటికి హాల్ స్మిత్ అను పైరేట్స్ ఆటగాడు బంతిని మైదానము గోడ దాటించి మూడు పరుగులు తెచ్చినాడు. పైరేట్స్ 9-7. ఊరంతయు స్మిత్‌ను నెత్తిన పెట్టుకొన్నది.

కాని ఆట ముగియలేదు. తొమ్మిదవ ఇన్నింగ్సులో యాంకీస్ రెండు పరుగులు చేసి లెక్క సమము చేసినారు. అపుడు బ్యాటు పట్టి వచ్చినవాడు బిల్ మజరోస్కీ. బంతిని ఆపుటలో పేరుగాంచినవాడేగాని, కొట్టుటలో కాదు. సాయంకాలము 3 గంటల 36 నిమిషములకు, రాల్ఫ్ టెర్రీ వేసిన రెండవ బంతిని అతడు ఎడమవైపు గోడ మీదుగా పంపినాడు. 10-9. ప్రపంచ సిరీస్ ఒకటి హోమ్ రన్‌తో ముగియుట అదే మొదటిసారి.

మరుసటి సంవత్సరము టాప్స్ కంపెనీ ఆ ఘట్టమును 312వ నంబరు కార్డుగా అచ్చువేసినది. నేను ఊరు విడుచునపుడు జ్ఞాపకార్థము దానినే కొనవలెనని నిశ్చయించి, పొరుగింటి వృద్ధుని వెంటబెట్టుకొని ఒక దుకాణమునకు పోయినాను. 1960లో ఆయన పదేండ్ల బాలుడు. ఆ ఆటను రేడియోలో విన్నవాడు. నేను కోరిన కార్డు దొరికినది. ఆయన దానిని చూచి మెచ్చుకొని, దుకాణదారుతో, "హాల్ స్మిత్ కార్డు ఉన్నదా?" అని అడిగినాడు.

నేను ఆశ్చర్యపడితిని. ఆయన నెమ్మదిగా ఇట్లన్నాడు: "స్మిత్ బంతిని కొట్టినపుడు మా నాన్నగారు నన్ను భుజములపైకి ఎత్తుకొన్నారు. మజరోస్కీ కొట్టు వేళకు ఆయన పనికి పోవలసివచ్చినది. లోకమునకు మజరోస్కీ, నాకు స్మిత్."

ఆ మాట నన్ను నిలువరించినది. స్మిత్ కొట్టినది లేనిచో మజరోస్కీకి ఆ అవకాశమే లేదు. అయినను, చివరి దెబ్బయే చరిత్రకు ఎక్కినది. చరిత్ర ముగింపును దాచుకొనును. మనిషి తనను ఎత్తుకొన్న చేతులను దాచుకొనును.

కార్డుల వెల సంగతి వేరు. 1952లో టాప్స్ వారు అచ్చువేసిన మికీ మాంటిల్ కార్డులు అమ్ముడుపోక మిగులగా, 1960లో పెట్టెలకొలది సముద్రములో పారవేసినారు. ఆ కార్డులలో ఒకటి 2022లో 1 కోటి 26 లక్షల డాలర్లకు వేలమున పోయినది. అది సంతలోని అరుదుతనమునకు వెల. జ్ఞాపకమునకు వెల కట్టు సంత ఎక్కడను లేదు. ముసలాయన స్మిత్ కార్డునకు ఇచ్చినది కొద్దిపాటి సొమ్మే. దానిని జేబులో వేసుకొనలేదు, ఇంటివరకు చేతిలోనే పట్టుకొని వచ్చినాడు.

ఫోర్బ్స్ ఫీల్డు నేడు లేదు. 1970లో ఆటలు ఆగిపోయినవి, మరుసటి సంవత్సరము కూల్చివేసినారు. గోడలో కొంత భాగము మాత్రము మిగిలినది. 1985లో ఒక అభిమాని అక్టోబరు 13న ఒంటరిగా ఆ గోడ వద్ద కూర్చుండి, నాటి రేడియో వ్యాఖ్యానపు టేపును విన్నాడు. తరువాత ఏటేట అక్కడ జనము చేరి, ఆ ప్రసారమును మొదటినుండి వినుట ఆచారమైనది. ఫలితము అందరికిని తెలిసినదే. అయినను ఎనిమిదవ ఇన్నింగ్సు వచ్చునప్పటికి నిశ్శబ్దముగా చెవియొగ్గుదురు. నేనును ఒకసారి అక్కడ నిలుచుండి విన్నాను. స్మిత్ కొట్టిన వేళ నా ప్రక్కనున్న వృద్ధుడు కన్నులు మూసికొన్నాడు.

నేనును ఆనాడు రెండు కార్డులు కొన్నాను. మజరోస్కీది ఆ ఊరి జ్ఞాపకార్థము. స్మిత్‌ది ఆ స్నేహితుని జ్ఞాపకార్థము. రెండును ఒకే కవరులో ఉన్నవి. ఎవరైన చూడగోరినచో ముందుగా స్మిత్ కార్డునే తీసి చూపుదును. ఇతడెవరని అడుగుదురు. అపుడు కథ మొదలుపెట్టుదును.