వసంతకాలపు బడి – అందు ఇంటివారి పాలు

(సంఘము జరిపిన ఉగాది సభలో ఒక ఉపాధ్యాయిని చేసిన ప్రసంగపాఠము)



పంచాంగశ్రవణమునకును కవిసమ్మేళనమునకును నడుమ ప్రాథమిక పాఠశాలను గుఱించి మాటలాడుమని కార్యదర్శిగారు నన్నాదేశించిరి. పంచాంగములో ఆదాయవ్యయములు చెప్పుదురు గదా. నేను చెప్పబోవు విషయమున ఆదాయము మిక్కిలి ఆలస్యముగా వచ్చును. వ్యయము మాత్రము ఇప్పుడే చేయవలెను. ఆ వ్యయము ధనము కాదు, ప్రొద్దు. ఢిల్లీ నగరమున ఇరువదియేండ్లకు పైగా చిన్న తరగతులకు పాఠములు చెప్పుచున్నదానను గనుక, నేను కన్నది మాత్రమే మీకు మనవి చేసెదను.

మన ఆంధ్ర తెలంగాణ ప్రాంతములలో బడులు జూన్ నెలలో తెఱచి ఏప్రిల్ చివర మూయుదురు. కావున అచటి బాలునకు చైత్రమన్నచో పరీక్షలు, పిదప వేసవి సెలవులు, తాతగారి ఊరు. ఇచట అట్లు గాదు. ఢిల్లీలో క్రొత్త తరగతి ఏప్రిల్ 1వ తేదీన మొదలగును. ఉగాది 2023లో మార్చి 22న, 2024లో ఏప్రిల్ 9న, 2026లో మార్చి 19న వచ్చినది. అనగా పండుగ ఒక యేడు పరీక్షాఫలితముల ముంగిట, మఱియొక యేడు క్రొత్త పుస్తకముల వాసన నడుమ వచ్చుచున్నది. ఎటు చూచినను ఇచట ఉగాదియే బడికిని సంవత్సరాది. ఈ పొందిక మన ఊళ్ళలోని పిల్లలకు లేదు, ప్రవాసమున నున్న మన పిల్లలకే యున్నది. దీనిని మనము వాడుకొనుట లేదని నా చింత.

ఈ నగరపు వసంతమును చూడుడు. ఫిబ్రవరి చివర బూరుగు చెట్టు ఆకొక్కటియు లేక ఎఱ్ఱని పువ్వులతో నిలుచును. మార్చిలో వేపయు రావియు ఆకు రాల్చుచునే చిగుర్చును. మన క్వార్టర్లలో ఊడ్చువారికి అదియే గడ్డుకాలము. ఒక చేత ఆకు రాలుట, ఒక చేత చిగురు పుట్టుట ఒకే నెలలో చూపుటకు ఇంతకంటె మంచి పాఠము పుస్తకములో లేదు. వేప యిచట సాధారణముగా ఏప్రిల్‌లో గాని పూయదు. కావుననే ఉగాది ముందుగా వచ్చిన యేడు మన గృహిణులు ఊరినుండి వచ్చిన యెండు వేపపువ్వు డబ్బాలకై వెదకుకొందురు. “పండుగ వచ్చినది గాని పువ్వేల రాలేదు?” అని మూడవ తరగతి పిల్ల యడిగినచో, చాంద్రమానమును, ఉత్తరదేశపు చలియు, చెట్టు స్వభావమును మూడును చెప్పవలసి వచ్చును. ఆ ప్రశ్న బడిలో పుట్టదు. పచ్చడి చేయు వంటయింటిలో పుట్టును. తల్లి దానిని బడికి పంపినచో మాకు వారము దినముల పాఠము దొరకును.

వసంతమునందే మఱియొకటి జరుగును: బదిలీలు. చదువు నడుమ చెడకుండ తండ్రుల బదిలీలను సాధారణముగా విద్యాసంవత్సరాంతమున చేయుదురు. ఈ కష్టమును పెద్దలు పూర్వమే గుర్తించిరి. రెండవ వేతన సంఘము సిఫారసుపై కేంద్రీయ పాఠశాలల పథకము ఏర్పడి, 1963లో 20 రెజిమెంటల్ పాఠశాలలతో ఆరంభమై, 1965 డిసెంబరు 15న కేంద్రీయ విద్యాలయ సంఘటన్‌గా రిజిస్టరైనది. తండ్రి ఎచటికి పోయినను అవే పుస్తకములు, అదే పాఠక్రమము ఉండుట దాని ప్రయోజనము. మహోపకారమే. అయినను పాఠక్రమము పిల్లవానితో బదిలీ అగును గాని, స్నేహితులు బదిలీ కారు, వీథి బదిలీ కాదు, చుట్టుపట్ల వినబడు మాట బదిలీ కాదు. ఏప్రిల్ మొదటి వారమున ప్రతి తరగతిలోను ఒకరో యిద్దరో పెదవి విప్పని పిల్లలుందురు. అందు మన తెలుగు పిల్లలును ఉందురు.

కొన్నియేండ్ల క్రిందట శ్రీకాకుళము ప్రక్కనుండి యొక బాలుడు నా రెండవ తరగతిలో చేరెను. తండ్రి చిన్న ఉద్యోగి. పిల్లవాడు తెలివిగలవాడు, లెక్కలు చకచక చేయును, కాని నోరు తెఱవడు. నేను తెలుగున పలుకరించినచో తల యూపును. తక్కినవారి ముందు అదియును లేదు. ఆ నెలలో మేము బడి వెనుక నాలుగు మళ్ళు చేసి తోటకూర వేయదలచితిమి. తోటకూరయే ఎందులకనగా, మే నడుమ సెలవులిచ్చెదరు. బెండ కాపునకు వచ్చుటకు నెలన్నర పట్టును, సొర బీరలకు ఇంకను ఎక్కువ. ఏప్రిల్ మొదట చల్లిన తోటకూర నెల తిరుగకుండ కోతకు వచ్చును. తాము చల్లినది తాము కోసికొనని తోట పిల్లలకు తోట కాదు.

ఇండ్లనుండి పెద్దలు వచ్చి సాయపడుడని చీటీలు పంపితిమి. వచ్చినవారు ఆర్గురు. అందొకరు ఆ బాలుని నాయనమ్మ. హిందీ యొక్క ముక్కయు రాదు. మేము గింజలు చేత బట్టి చల్లబోవుచుండగా ఆమె నా చేయి పట్టి ఆపి, “అలా కాదమ్మా, ఇసుక కలపాలి. లేకపోతే అన్నీ ఒక్క చోటే పడి ఒకదాన్నొకటి తినేస్తాయి” అనెను. ఆవగింజకంటె సన్నని విత్తు అది. ఇసుకతో కలిపి చల్లినగాని సమముగా పడదు. ఈ మాట నా పుస్తకములలో లేదు. తక్కిన పిల్లలు ఆమె ఏమన్నదని అడిగిరి. నేను చెప్పబోవుదును, ఇంతలో ఆ బాలుడు ముందుకు వచ్చెను. హిందీలో ఇసుకను ఏమందురో వానికి తెలియదు. పిడికెడు తీసి చూపి, “ఏ మిలావో” అనెను. ఒక సర్దార్జీ గారి పిల్ల “రేత్” అని మాట అందించినది. వాడు ఆమెకు “ఇసుక” అని బదులిచ్చినాడు. ఆ దినము తరగతి యంతయు ఇసుక, ఇసుక యని యఱచినది. పిమ్మట వాడు గలగల మాటలాడెనని నేను చెప్పను. అట్లు జరుగలేదు. మఱునాడు సైతము తక్కువగానే మాటలాడెను. కాని మళ్ళకు నీరు పోయు వంతులు తానే నిర్ణయించెను. వానిమాట తక్కినవారు వినిరి. నెలకు కూర కోసినప్పుడు ప్రతి పిల్లయు ఒక గుప్పెడు ఇంటికి కొనిపోయినది. పంజాబీల యింట దానిని చౌలాయి సాగ్ అని వండిరి. మనవారి యింట పప్పులో వేసిరి.

సోదరీమణులారా, మీలో పలువురు “నాకు హిందీ సరిగా రాదు, ఇంగ్లీషు అంతకంటె రాదు, బడికి వచ్చి ఏమి చేయుదును?” అని ఇంటనే యుండిపోవుదురు. ఒక పాఠశాలలో తల్లుల దినమని పేరు పెట్టి, చక్కగా ఇంగ్లీషు మాటలాడు నలుగురినే వేదిక యెక్కించి, తక్కినవారిని చప్పట్లకు కూర్చుండబెట్టుట నేను చూచితిని. వసంతోత్సవమునకు కావలసినది ఉపన్యాసము గాదు. మోదుగ పువ్వులు నానబెట్టి హోలీ రంగు చేయుట తెలంగాణ పల్లెలనుండి వచ్చిన తల్లికి తెలియును. మామిడాకు తోరణము గ్రుచ్చుట, విస్తరి కుట్టుట, పిచ్చుకలకు ధాన్యపు కంకులు కట్టుట మనలో ఎవరికో ఒకరికి వచ్చును. చేతికి భాష అక్కఱలేదు.

చట్టమును మన పక్షముననే యున్నది. 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల యాజమాన్య సంఘములలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులు ఉండవలెను. సభ్యులలో సగము స్త్రీలు కావలెను. ఉపాధ్యాయులు పిల్లల హాజరును, ప్రగతిని తల్లిదండ్రులకు తఱచుగా తెలుపవలెనని అందే కలదు. ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలలలో 2016 జూలై 30న తల్లిదండ్రుల మహాసమావేశము జరిగినది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న అట్టిదే జరిగినది. తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడినవి. ఇవి మంచివే. కాని సమావేశమునకు వచ్చిన తండ్రి మొదట అడుగునది “ఎన్ని మార్కులు వచ్చినవి?” అనియే. పిల్లవాడు ఎవరి ప్రక్కన కూర్చుండునని అడిగిన తండ్రిని వ్రేళ్ళపై లెక్కింపవచ్చును.

మనకిది క్రొత్తయు గాదు. మన వీథిబడుల కాలమున దసరాకు అయ్యవారు పిల్లలను వెంటబెట్టుకొని ఇంటింటికిని పోవుట, పిల్లలు పాటలు పాడుట, గృహస్థులు పప్పు బెల్లములు పంచి అయ్యవారికి కానుక లిచ్చుట పెద్దలు ఎఱిగినదే. బడియే గడప తొక్కినది. అది శరత్కాలపు వేడుక. వసంతమున ఉత్తరాఖండ్ కొండలలో పిల్లలు పూలు ఏఱి ఇంటింటి గడపపై ఉంచు ఫూల్‌దేయీ పండుగ కలదు. ఇప్పుడు గడప తొక్కవలసినవారు మనము.

తండ్రులకు ఒక మాట. కోపగింపకుడు. పిల్లల సంరక్షణ సెలవు ఉద్యోగినులకు సర్వీసు మొత్తమున 730 దినములు కలదు. పిల్లల చదువు నిమిత్తము కూడ దానిని వాడవచ్చునని నిబంధనలోనే యున్నది. ఆ సెలవు ఒంటరి తండ్రులకు 2018లో విస్తరించినది గాని తక్కిన తండ్రులకు లేదు. దీనిని సాకుగా చెప్పువారు పలువురు. అయ్యా, ఆకస్మిక సెలవులు యేడాదికి 8 ఉన్నవి. ఢిల్లీ కార్యాలయములలో ఉగాది ఐచ్ఛిక సెలవుల జాబితాలోనిది. ఆ జాబితాలో రెండు మీరు కోరుకొనవచ్చును. ఉగాదినాడు సెలవు పెట్టి, తలంటు పోసికొని, మధ్యాహ్నము నిద్రించుట మంచిదే. బడి తెఱచియున్న ఉగాదినాడు ఉదయము రెండు గంటలు పచ్చడి గిన్నెతో పిల్లవాని తరగతికి రండు. ఆఱు రుచులకు ఆఱు దినుసులు, నలువది పిల్లలకు తలకొక చెంచా, మొత్తము ఎంత చింతపండు, ఎంత బెల్లము కావలెనో వారిచేతనే లెక్క కట్టింపుడు. మూడవ తరగతి గుణకారమునకు ఇంతకంటె రుచికరమైన లెక్క నేనెఱుగను.

ఇంకొకటి చెప్పక తప్పదు. మన కాలనీలలో క్వార్టరు టైపునుబట్టి పలుకరింపు మాఱుచున్నది. టైపు రెండువారి తల్లి టైపు అయిదువారి తల్లి ప్రక్కన కూర్చుండుటకు జంకును. పిల్లలు దీనిని మనకంటె ముందుగా కనిపెట్టుదురు. పెద్దలు సహకరింతుమని వచ్చి, “మా వారు డైరెక్టరు” అని మొదలుపెట్టినచో ఆ పూట నేను వారికి పార యిచ్చి మడి త్రవ్వమందును. ఇంతవరకు ఎవరును కాదనలేదు.

అట్లే, అంగడిలో కొన్న థర్మోకోలు నమూనాలు, తండ్రి రాత్రి పండ్రెండింటివఱకు అతికించిన చార్టులు మాకు వద్దు. వానిని పిల్లవాడు మోసికొని వచ్చుటయే గాని ఎఱుగడు. దాని బదులు పదిహేను దినములు ఒకే చెట్టును చూచి, ఎన్ని చిగుళ్ళు వేసినది, ఏ పిట్ట వచ్చినది, తెలుగున దాని పేరేమి, హిందీలో నేమి, ఇంటివారితో కలిసి ఒక పుటపై వ్రాసికొని రమ్మనుడు. అక్షరములు వంకరగా నున్నను నాకు సమ్మతమే. తెలుగు అక్షరములు వ్రాయలేని పిల్లకు తల్లి వ్రాసి యిచ్చి, దానిపై దిద్దింపవచ్చును. మన పిల్లలలో పలువురు తెలుగు మాటలాడుదురు గాని చదువలేరు. ఈ లోటు బడి యొక్కటియే తీర్చలేదు. నా చేతికి వారమున రెండు మూడు గంటలే చిక్కును.

చివరకు నీటి సంగతి. మే నడుమనుండి జూన్ చివరవఱకు బడి మూసియుండును. ఆ నలువదియైదు దినముల యెండకు పిల్లలు వేసిన మొక్కలలో సగము మాడిపోవుట ప్రతి యేడు చూచుచున్నాను. తోటకూర కోసికొందుము సరియే, మేము నాటిన కరివేప, నిమ్మ, మునగ యేమగును? తోటమాలి యొక్కడే, బడి పెద్దది. కావున ఈ సభలో ఒక కాగితము తిప్పుచున్నాను. అందు తేదీలు వేసి యున్నవి. బడికి నడిచి రాగల దూరమున నున్న కుటుంబములు తలకు మూడు సాయంకాలములు వ్రాసికొన్నచో పదునైదు కుటుంబములతో సెలవులన్నియు గట్టెక్కును. ద్వారము తాళపుచెవి కావలివానివద్ద ఉండును, ప్రధానోపాధ్యాయులు అనుమతించిరి. పిల్లలను వెంటబెట్టుకొని రండు, బకెట్లు మావద్ద ఆఱు మాత్రమే కలవు, వీలైనవారు ఒకటి తెచ్చుకొనుడు. కలము కార్యదర్శిగారి చేతిలో నున్నది.