పిక్కలపై లేచు గడ్డలు



క్షయ యనగానే మనకు దగ్గు, జ్వరము, చిక్కిన దేహము జ్ఞప్తికి వచ్చును. ఆ వ్యాధి కాలిపిక్కపై గడ్డరూపమున గానవచ్చునన్నచో పలువురు నమ్మరు. అట్టి అరుదైన చర్మవ్యాధిని గుఱించి నేడు నాలుగు మాటలు మనవి చేసెదను.

ఇది ఎక్కువగా స్త్రీలకు వచ్చును. మోకాలి క్రింద, పిక్కకు వెనుకవైపున, చర్మము లోపల రేగుపండంత గడ్డలు గట్టిగా లేచును. మొదట ఎఱ్ఱగా నుండి పిమ్మట ఊదారంగునకు తిరుగును. కొన్ని పగిలి లోతైన పుండ్లగును. ఆ పుండు నెలల తరబడి మానదు. మానినను మచ్చ మిగులును. చలికాలము వచ్చునప్పటికి ప్రక్కనే మఱియొకటి లేచును. సామాన్యమైన సెగగడ్డ యింతకాలము వేధింపదు గదా!

పారిసు నగరమునందలి సెయింట్ లూయీ వైద్యశాలలో పనిచేసిన ఎర్నెస్టు బజాన్ అను వైద్యుడు 1861లో దీనిని వర్ణించెను. గండమాలకును ఈ గడ్డలకును సంబంధము కలదని ఆయన తలంచెను. అప్పటికి క్షయక్రిమిని ఎవ్వరును చూచి యుండలేదు. రాబర్టు కాఖు దానిని లోకమునకు వెల్లడించినది 1882లో. ఇరువది యేండ్లు ముందుగా జాడ పసిగట్టిన ఆ చూపు మెచ్చదగినదే.

వింత యేమనగా, ఈ పుండులో వెదకినను క్రిమి సాధారణముగా దొరకదు. అది మెడగ్రంథులలోనో, ఊపిరితిత్తులలోనో, మఱెక్కడనో దాగి యుండును. దాని తునకలపై దేహము చూపు ఆగ్రహమే చర్మము క్రింది కొవ్వును, నెత్తురునాళములను వాచునట్లు చేయును. దొంగ యొక యింట నక్కి యుండగా కావలివారు వేఱొక వీధిలో గోడలు కూల్చినట్లున్నది ఈ వ్యవహారము! కావుననే ఆకుపసరులును, పైపూతలును దీనిని కుదుర్పజాలవు. వాతలు పెట్టుటవలన కలుగునది మఱియొక పుండే.

ఈ పుండును తాకుటవలన వ్యాధి అంటుకొనునను భయమునకు ఆధారము లేదు. ఆ పడుచునకు వేఱు కంచము పెట్టుట, సంబంధములు తప్పించుట అన్యాయము. ఊపిరితిత్తులలో క్షయ యుండి దగ్గుచున్నచో అది వేఱు సంగతి. అది గాలివలన వ్యాపించును. అప్పుడు ఇంటిల్లిపాదియు పరీక్ష చేయించుకొనవలెను.

ఇట్టి గడ్డలన్నియు క్షయవలననే కలుగవు. అందుచే వైద్యుడు గడ్డనుండి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినితో చూచును. చేతిపై సూది వేసి వాపు కొలుచును. రొమ్మునకు ఎక్సురే తీయించును. క్షయయే యని తేలినచో మందులు సాధారణముగా ఆఱు నెలలు వాడవలెను. ప్రభుత్వ వైద్యశాలలలో అవి ఉచితము.

చిక్కు రెండు చోట్ల వచ్చుచున్నది. చీర కుచ్చిళ్ళ చాటున పుండును దాచుకొని, ఇంటి పెద్ద ఊ అననిదే ఆసుపత్రి గడప త్రొక్కని కోడండ్రు మన యూళ్ళలో ఇంకను కలరు. తమరు అడుగనిచో ఆమె చెప్పదు. ఇక రెండవది: రెండు నెలలకు పుండు ఎండగానే మందు మానివేయుదురు. లోపలి క్రిమి చావలేదు. అది మరల తలయెత్తును, మందునకు లొంగకయు పోవచ్చును.

మందులలో నొకదానివలన మూత్రము నారింజరంగునకు తిరుగును. దానికి జంకవలదు. కన్నులు పచ్చబడినను, వాంతులు ఆగకున్నను మాత్రము ఆ దినముననే వైద్యునికి చూపవలెను.