అంపశయ్యపై నుండి రాజ్యనిర్మాణము



కాటారం మీదుగా కాళేశ్వరమునకు పోయి, గోదావరీ ప్రాణహితల సంగమమున స్నానమాడి, ఒకే పానవట్టముపై వెలసిన కాళేశ్వర ముక్తేశ్వరులను సేవించి వచ్చినవారము మనము. యుద్ధానంతరము దేశమును నిలబెట్టుట యెట్లో నేడు కొంత విచారింతము.

రాజ్యము గెలిచియు ధర్మరాజు బంధువధకు వగచి అడవులకు పోదుననెను. వ్యాసుడున్నాడు, శ్రీకృష్ణుడున్నాడు, అయినను వారాతనిని భీష్ముని చెంతకే పంపిరి. పది దినములు సేనాపతియై పోరి, ఒడలెల్ల బాణములు నాటిన యోధుడాయన. ఆ వృద్ధుడు రాజును గర్భిణీ స్త్రీతో పోల్చెను. ఆమె తనకు రుచించినది విడిచి, గర్భస్థ శిశువునకు హితమైనదే చూచును గదా! పన్ను సైతము, తుమ్మెద పూవును నలపక తేనె గ్రహించునట్లు గ్రహింపవలెననెను.

మన తెలుగునేలకును అట్టి దినములు వచ్చినవి. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమయ్యెను. పిమ్మట ఈ గోదావరీ తీరముననే, భద్రాచల ప్రాంతమందలి రేకపల్లి రాజధానిగా ముసునూరి ప్రోలయనాయకుడు నిలిచెను. పోయిన అగ్రహారములను తిరిగి యిచ్చెననియు, ఆగిన యజ్ఞములను జరిపించెననియు, కర్షకులు సంతోషముతో పంటలో భాగమిచ్చిరనియు విలస తామ్రశాసనము చెప్పుచున్నది. శాసనకవి పొగడ్త కొంత యుండవచ్చును. కాని కత్తి పట్టినవానిని పొగడుటకు ఆ కవి నాగలిని కూడ తలచెను, చూడుడు!

కాపయనాయకుడు ఓరుగల్లును విడిపించినది 1336 ప్రాంతమున, ప్రోలయ తరువాత. కోట చేజిక్కుటకు మునుపే సేద్యము సాగినది, హోమగుండము వెలిగినది. ఈ వరుసను మేము పలుమారు తలచుకొందుము.