నగరంలో బస – మన పిల్లల పైచదువు

(హోసూరు ప్రాంతపు తెలుగు విద్యార్థుల, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏ చదువులో చేరాలి, ఏ పరీక్ష రాయాలి అన్న విషయాలను నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. నాకు అప్పగించిన అంశం వాటి పక్కన చిన్నదిగా కనిపించవచ్చు. సీటు వచ్చిన తరువాత బిడ్డ ఎక్కడ ఉండాలి? నేను బాగలూరు వైపు పల్లె నుంచి బెంగుళూరు వెళ్ళి, ఎం.ఏ.కు, ఆపైన పరిశోధనకు కలిపి ఏడేళ్ళు అక్కడ ఉన్నాను. ఆ ఏడేళ్ళలో నాలుగు ఇళ్ళు మారాను. మార్కులు చాలక చదువు మానినవారికంటే, ఉండడానికి తావు కుదరక మానినవారినే నేను ఎక్కువగా చూశాను. వారిలోనూ ఆడపిల్లలే ఎక్కువ. అందుకే ఈ అంశాన్ని చిన్నదిగా భావించవద్దని మొదటే మనవి చేస్తున్నాను.

హోసూరుకు బెంగుళూరు నలభై కిలోమీటర్లే కదా, రోజూ వెళ్ళి రావచ్చు కదా అని అడిగే తండ్రులు ఉన్నారు. అత్తిబెలె దాటిన తరువాత దూరాన్ని కిలోమీటర్లలో కొలవకూడదు, గంటలలో కొలవాలి. 2025 ఆగస్టులో బొమ్మసంద్ర నుంచి ఆర్.వి. రోడ్డు వరకు మెట్రో పసుపు మార్గం మొదలైంది. నగరపు దక్షిణ భాగంలో చదివేవారికి ఇది మేలే. కానీ జ్ఞానభారతికో, యశవంతపురానికో, హెబ్బాళకో వెళ్ళవలసినవారికి రాకపోకలకే పూట గడిచిపోతుంది. పరిశోధన చేసేవారు సాయంత్రం గ్రంథాలయంలో కూర్చోవాలి, ప్రయోగశాలలో రాత్రి దాకా ఉండాలి. ఆఖరి బస్సును తలచుకుంటూ చేసే చదువు సగం చదువే.

విశ్వవిద్యాలయాల వసతిగృహాలలో ఉన్న గదులకంటే దరఖాస్తులు ఎక్కువ. ప్రవేశం దొరికిన రోజే వసతి కూడా దొరికిందని అనుకోకూడదు. కనుక బయట గది వెదకడం ప్రవేశంతోపాటే మొదలు కావాలి. జ్ఞానభారతిలో చదివేవారు నాగరభావి, మల్లత్తహళ్ళి, ఉల్లాళ, కెంగేరి వైపు చూడవచ్చు. భారతీయ విజ్ఞాన సంస్థలో చేరేవారికి మత్తికెరె, యశవంతపురం దగ్గర. వ్యవసాయ విశ్వవిద్యాలయం వారికి జక్కూరు, యలహంక వైపు అనుకూలం. కళాశాలకు ఆనుకొని ఉన్న గది కోసమే పట్టుబట్టనక్కరలేదు. మెట్రో స్టేషనుకు నడిచిపోగలిగిన గది రెండు మూడు స్టేషన్ల అవతల ఉన్నా బాడుగ తగ్గుతుంది, రాకపోక సుఖంగానే ఉంటుంది.

మొదటి నెలలోనే ఇల్లు తీసుకోవద్దు. ముందుగా పీజీ అని పిలిచే వసతిలో ఒకటి రెండు నెలలు ఉండి, వీధులు తెలుసుకొని, తోడు కుదుర్చుకొని ఆ తరువాత ఇల్లు చూడడం మేలు. ‘ఆంధ్రా భోజనం’ అన్న పలక తగిలించిన పీజీలు నగరమంతటా ఉన్నాయి. మన సంగటి అక్కడ దొరకకపోవచ్చు, కానీ తెలుగు మాట వినిపిస్తుంది. చేరే ముందు ఒక పూట అక్కడ భోంచేసి చూడండి, ఉంటున్న పిల్లలను విడిగా అడగండి. మరొక సంగతి. నెలకు మనిషికి 20,000 రూపాయలకు మించని వసతికి, కనీసం 90 రోజులు ఎడతెగకుండా ఉండేవారికి, 2024 జూలై నుంచి జీఎస్టీ మినహాయింపు ఉంది. ఆ పేరుతో అదనంగా అడిగితే ఈ మాట మర్యాదగా గుర్తు చేయండి.

ఇక అసలు భారం అడ్వాన్సు. బెంగుళూరులో పది నెలల బాడుగను ముందుగా అడగడం పాత ఆచారం. ఈ మధ్య ఐదారు నెలలతో సరిపెట్టుకొనే యజమానులూ ఉన్నారు. నెలకు 9,000 రూపాయల ఇంటికి పది నెలలంటే 90,000. మన రైతుకు అది ఒక టమోటా పంట, అదీ ధర పలికిన ఏడు. ముగ్గురు కలిసి తీసుకుంటే తలా 30,000 అవుతుంది. అయితే ఎవరు ఎంత ఇచ్చారో, మధ్యలో ఒకరు వెళ్ళిపోతే వారి వాటా ఎవరు తిరిగి ఇవ్వాలో ముగ్గురూ మొదటి రోజే కాగితం మీద రాసుకోవాలి. స్నేహం చెడేది కోపంతో కాదు, లెక్క రాసుకోకపోవడంతో.

అడ్వాన్సు విషయంలో ఎల్లకు ఇటు ఒక ధర్మం, అటు ఒక ధర్మం ఉంది. తమిళనాడులో 2017 నాటి అద్దె చట్టం 2019 ఫిబ్రవరి 22 నుంచి అమలులో ఉంది. సాధారణంగా మూడు నెలల బాడుగకు మించి అడ్వాన్సు తీసుకోరాదని ఆ చట్టం చెబుతుంది. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా చట్టం నివాస గృహాలకు రెండు నెలలే చాలునన్నది. కానీ అది నమూనా. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. హోసూరులో విన్న నియమాన్ని బెంగుళూరు యజమాని ముందు పెట్టి వాదిస్తే ఇల్లు దొరకదు. అక్కడ మనకు రక్ష ఒప్పంద పత్రమే.

ఆ పత్రం పదకొండు నెలలకే ఎందుకు రాస్తారని చాలామంది అడుగుతారు. ఏడాదికి మించిన కౌలును రిజిస్టరు చేయించడం తప్పనిసరి. ఆ ఖర్చు, ఆ తిరుగుడు తప్పించుకోవడానికే పదకొండు నెలలు. అందులో ఐదు విషయాలు స్పష్టంగా ఉన్నాయో లేదో చూడండి: అడ్వాన్సు మొత్తం, అది తిరిగి ఇచ్చే గడువు, ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఏటా బాడుగ ఎంత పెరుగుతుంది, వెళ్ళేటప్పుడు సున్నానికి, రంగుకు ఎంత పట్టుకుంటారు. రంగు పేరుతో ఒక నెల బాడుగ తగ్గించుకోవడం ఆ నగరంలో మామూలు. నేను ఖాళీ చేసిన రెండవ ఇంట్లో యజమాని రెండు నెలల బాడుగ పట్టుకోబోయారు. పత్రంలో ఒక నెల అని రాసి ఉంది. వేలు పెట్టి చూపించాను. మిగిలిన సొమ్ము ఆ సాయంత్రమే చేతికి వచ్చింది. నోటిమాట అయి ఉంటే రాదు. సొమ్మును నగదుగా కాక బ్యాంకు ద్వారా పంపండి. చేరిన రోజునే గోడలకు, కుళాయిలకు, తలుపులకు ఫోటోలు తీసి యజమానికి కూడా పంపండి.

ఇక్కడ మన నుడికి సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. మన ఇళ్ళలో తండ్రికి తెలుగు అక్షరం వచ్చు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత బడిలో చేరిన బిడ్డకు వచ్చినవి ఎక్కువగా తమిళ, ఆంగ్ల అక్షరాలు. సంతకం చేయవలసిన పత్రం కన్నడంలోనో, ఆంగ్లంలోనో ఉంటుంది. సొమ్ము తండ్రిది, సంతకం బిడ్డది, భాష ఇద్దరిదీ కాదు. కనుక పత్రం ప్రతిని ముందుగా అడిగి తీసుకొని, ఒక్కొక్క షరతును ఇంట్లో తెలుగులో చదివి వినిపించిన తరువాతే సంతకం పెట్టాలి. చదవడానికి ఒక రోజు గడువు ఇవ్వని ఇల్లు మనకు వద్దు.

ఇల్లు చూడబోయినప్పుడు యజమానులు అడిగే ప్రశ్నలు మీకు తెలిసినవే. ఏ ఊరు, ఏ కులం, మాంసం తింటారా, ఎవరెవరు వచ్చిపోతారు? మనవారికి మరొక ప్రశ్న అదనం. ‘తమిళనాడు అంటున్నారు, తెలుగు మాట్లాడుతున్నారు, మీరు ఎవరు?’ దానికి తడబడవద్దు. మా పెద్దలు తరతరాలుగా ఇక్కడే ఉన్నారు, ఎల్లలు తరువాత వచ్చాయి, ఇంటి భాష తెలుగు అని కన్నడంలో చెప్పండి. మన బాడుగే వారి బాడిగె. నెల రోజులు చెవి పెట్టి వింటే ఆ భాష మన నోటికి వస్తుంది. ఇల్లు దొరకడం కోసం తెలుగును దాచనక్కరలేదు. తెలుగు మీద అభిమానంతో కన్నడాన్ని దూరం పెట్టనక్కరా లేదు.

2016 సెప్టెంబరు 12న కావేరీ జలాల వివాదంలో బెంగుళూరులో తమిళనాడు నంబరున్న బస్సులను, లారీలను తగులబెట్టారు. నా స్కూటరు మీద టీఎన్ 70 అని మన హోసూరు నంబరు. నా మాతృభాష ఏదో ఆ పలక మీద రాసి లేదు. ఇంటి యజమానురాలు కన్నడిగురాలు. ఆమె ఎవరూ అడగకముందే స్కూటరును గేటు లోపలికి తోయించి, దుప్పటి కప్పి, ‘బయటికి వెళ్ళకమ్మా’ అని రెండు రోజులు నాకు తన ఇంట్లోనే అన్నం పెట్టారు. అంతకుముందు మా మధ్య ఉన్నది నెలనెలా బాడుగ ఇచ్చేటప్పుడు కన్నడంలో మాట్లాడుకున్న నాలుగు మాటలే.

గది చూసేటప్పుడు గోడల రంగు కంటే నీళ్ళను చూడండి. కావేరి నీరు వస్తుందా, బోరు నీరా, ట్యాంకరా? ట్యాంకరైతే డబ్బు ఎవరిది? 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి ఆ నగరం ఎంత ఇబ్బంది పడిందో మీరు పత్రికలలో చదివే ఉంటారు. కరెంటు మీటరు మన గదికి విడిగా ఉందా అని అడగండి. చీకటి పడిన తరువాత ఒకసారి ఆ వీధిలో నడిచి చూడండి. ఆడపిల్లలైతే ఇది తప్పక చేయాలి, తోడుగా తల్లిని తీసుకువెళ్ళాలి. తండ్రి చూసేది బాడుగ, తల్లి చూసేది తలుపు గడియ. రెండూ చూడవలసినవే.

చివరిగా పెద్దలకు ఒక విన్నపం. వారాలు చేసుకొని చదువుకున్న తరాల కథలు మనం గొప్పగా చెప్పుకుంటాం. రోజుకొక ఇల్లు అన్నం పెడితే ఒక పిల్లవాడు పండితుడయ్యేవాడు. హైదరాబాదులో 1918లో రాజా బహదూర్ వెంకటరామారెడ్డి గారు రెడ్డి హాస్టలును నెలకొల్పారు. తరువాతి కాలంలో సురవరం ప్రతాపరెడ్డి గారు దాని నిర్వహణ చూశారు. పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు తలదాచుకునే చోటు ఇచ్చిన ఆ హాస్టలుకు నిజాం కాలపు తెలుగువారి చైతన్యంలో పెద్ద స్థానం ఉంది. మనం ఈ రోజే హాస్టలు కట్టలేకపోవచ్చు. మూడు పనులు మాత్రం చేయగలం. బెంగుళూరులో స్థిరపడిన మన ఊళ్ళవారి ఇళ్ళలో ఖాళీ గదుల వివరాలను ప్రవేశాలు మొదలయ్యేలోపు సేకరించి పెట్టడం. ఒక న్యాయవాది సాయంతో తెలుగు, కన్నడ, ఆంగ్ల భాషలలో నమూనా ఒప్పంద పత్రం తయారు చేయించడం. అడ్వాన్సు కట్టలేని విద్యార్థికి వడ్డీ లేకుండా ఇచ్చి, ఇల్లు ఖాళీ చేసినప్పుడు తిరిగి జమ చేసుకొనే చిన్న నిధిని ఏర్పాటు చేయడం. అడ్వాన్సు ఖర్చు కాదు, తిరిగి వచ్చే సొమ్ము. ఒకరి నుంచి తిరిగి వచ్చినది మరొకరికి ఉపయోగపడుతుంది.

తల్లిదండ్రులారా, సీటు తెచ్చుకొన్న బిడ్డను ఇల్లు దొరకలేదన్న కారణంతో వెనక్కి పిలవకండి. వెదకడానికి మరొక వారం గడువు ఇవ్వండి, వీలైతే తోడు వెళ్ళండి. ఈ మూడు పనులలో మీరు ఏది చేయగలరో ఈ సభ ముగిసేలోపు నిర్వాహకుల దగ్గర పేరు రాయించండి. నేను ఖాళీ గదుల జాబితా పని తీసుకుంటున్నాను.