ఎండోస్కోపీ తర్వాత కడుపు ఉబ్బిందా? గ్యాసే కదా అని పడుకోవద్దు

ఈ రోజు టెక్ టాపిక్ కాదు, మా ఇంట్లో జరిగింది చెప్తా.

మాది అనంతపురం దగ్గర పల్లె. వానల్లేక శెనక్కాయ పంట ఎన్నిసార్లు పోయినా మా నాయన సేద్యం వదల్లేదు. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో అడిగి మాత్రలు మింగేవాడు. పెయిన్‌కిల్లర్లు అట్లా ఏళ్ల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడొచ్చు. పొట్ట మంట ఎక్కువైతే డాక్టర్ ఎండోస్కోపీ రాశారు. నోట్లో నుంచి కెమెరా ఉన్న సన్న గొట్టం దింపి అన్నవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు మొదటి భాగం చూస్తారు. కాసేపట్లో అయిపోయింది, సాయంత్రానికి ఇంటికొచ్చేశాం.

రాత్రి పొట్ట ఉబ్బింది. "గ్యాస్‌లేప్పా, పండుకో" అన్నాడు. నేనే సోడా తెచ్చిచ్చా. లోపల బాగా కనపడాలని గాలి పంపుతారు కాబట్టి కొంచెం ఉబ్బరం మామూలే. కానీ ఆ గాలి త్రేన్పుగానో, కిందనుంచో పోవాలి కదా! తెల్లారేసరికి ఒకటే వాంతులు, పొట్ట డప్పులా అయింది. అప్పుడు పరిగెత్తాం. స్కాన్‌లో పేగు మెలిపడిందని తేలింది. పాత అపెండిక్స్ ఆపరేషన్ వల్ల లోపల పేగులు అతుక్కుని ఉన్నాయంట. గాలికి ఉబ్బి అక్కడ మెలిపడి ఉండొచ్చన్నారు సర్జన్. ఆపరేషన్ చేశారు, నాయన బతికాడు. ఇంకా ఆలస్యమైతే రక్తం అందక పేగు కుళ్లిపోయేదంట.

సాఫ్ట్‌వేర్ జాబ్‌లో రాత్రి రెండుకి సర్వర్ అలర్ట్ వచ్చినా లేచి కూర్చునేవాణ్ణి. నాయన మూలిగితే మాత్రం సోడా ఇచ్చి పడుకున్నా.

భయపడి టెస్ట్ మానేయకండి. ఇట్లాంటివి చాలా అరుదు. మామూలు ఎండోస్కోపీలో రంధ్రం పడటం కూడా సుమారు 2,500 నుంచి 11,000 టెస్టుల్లో ఒకసారే. ముక్క తీసిన చోట రక్తం గడ్డకట్టి చిన్నపేగు దారి మూసుకుపోవడం కూడా అరుదు, అది పిల్లల్లో ఎక్కువ చూస్తారు. కొన్నిచోట్ల గాలి బదులు కార్బన్ డయాక్సైడ్ వాడతారు, దాన్ని ఒళ్లు త్వరగా పీల్చుకుంటుంది.

టెస్టుకు ముందు పాత ఆపరేషన్లు, రక్తం పలచబడే మాత్రలు డాక్టర్‌కి చెప్పండి. మీ అంతట మీరు మాత్రలు ఆపొద్దు. తర్వాత తగ్గని కడుపు నొప్పి, ఆగని వాంతులు, గట్టిపడిన పొట్ట, జ్వరం, ఛాతీ నొప్పి, ఆయాసం, నల్లటి విరేచనం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి కొట్టండి, ఎండోస్కోపీ అయిందని మొదటి మాటలోనే చెప్పండి.

వీడియో లైక్ చేయకపోయినా పర్లేదు. మీ నాయన ఏ మాత్రలు మింగుతున్నాడో ఈ రోజే ఫోన్ చేసి అడగండి. ఉంటా మరి.