గోథే గేయం, షూబర్ట్ పాట

జర్మన్ మహాకవి గోథే 1782లో ఒక సంగీత నాటిక కోసం 'ఎర్ల్‌కోనిగ్' అనే కథాగేయం రాశాడు. గాలి హోరెత్తే రాత్రి ఒక తండ్రి చిన్నారి కొడుకును పొదివిపట్టుకుని గుర్రం మీద పరుగు తీస్తుంటాడు. భూతాల రాజు పిలుస్తున్నాడంటాడు పిల్లవాడు. అది మంచుతెరేనంటాడు తండ్రి. గమ్యం చేరేసరికి బిడ్డలో ప్రాణం ఉండదు.

1815లో వియన్నాలో 18 ఏళ్ల ఫ్రాంజ్ షూబర్ట్ దీనికి బాణీ కట్టాడు. కథకుడు, తండ్రి, కొడుకు, భూతరాజు, ఈ నలుగురినీ ఒక్క గాయకుడే పలికించాలి. పిల్లవాడి కేక అంతకంతకూ పైస్థాయికి పోతుంది. భూతరాజు మాటలు మాత్రం లాలిపాటంత తీయగా ఉంటాయి. అసలు కష్టం పియానో వాయించేవారిది. డెక్కల చప్పుడులా కుడిచేయి ఒకే స్వరాన్ని మూడేసి దెబ్బలుగా, దాదాపు పాట సాంతం మోగించాలి. ఎంత చేయి తిరిగినవారికైనా మణికట్టు పట్టేస్తుంది! చివర్లో ఆ పరుగు ఆగి, మరణవార్త మామూలు మాటలా వినిపిస్తుంది.

1816లో మిత్రులు ఈ పాటను గోథేకు పంపితే జవాబే రాలేదు. 1821లో స్నేహితుల ఆర్థిక సాయంతో అచ్చయి, షూబర్ట్ తొలి 'ఓపస్' (వరుస సంఖ్యతో అచ్చయిన రచన) అయింది. షూబర్ట్ 1828లో 31 ఏళ్లకే కన్నుమూశాడు. 1830లో గాయని ష్రోడర్-డెవ్రియెంట్ పాడగా విన్న గోథే అప్పుడు మెచ్చుకున్నాడు. షూబర్ట్ మిత్రుడైన చిత్రకారుడు మోరిట్జ్ ఫాన్ ష్విండ్ ఇదే ఘట్టాన్ని రంగుల్లో గీశాడు.